చేప గుర్తున్న చెంచా

నిజామాబాద్ వెళ్లొచ్చానని చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఒకే మాట అడిగారు, పసుపు తెచ్చారా అని. తెచ్చాను. రెండు కిలోల కొమ్ములు తెచ్చి ముగ్గురికీ పంచేశాను. ఎందుకు వెళ్లారని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదేమో.

నేను పుట్టింది బందరులో. ఉద్యోగం హైదరాబాదులో, ఒక మ్యూజియంలో. పాత వెండి సామాను మీద ఉండే ముద్రలు చదివి జాబితా రాయడం నా పని. ఇంగ్లండు నుంచి వచ్చిన వెండి చెంచా కాడ వెనక బియ్యపు గింజంత ముద్రలు వరసగా ఉంటాయి. నడిచే సింహం ఉంటే అసలు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. ఒక అక్షరం ఏ ఏడాదో చెబుతుంది, ఇంకో రెండు అక్షరాలు చేసినవాడి పేరు చెబుతాయి. భూతద్దం ఒక్కటుంటే చాలు, వందేళ్ల కిందటి కంసాలిని పేరు పెట్టి పిలవొచ్చు. ఈ విద్య నాకు బాగా వచ్చు. వచ్చునని కాస్త పొగరు కూడా ఉండేది.

మా ఆవిడ సుగుణ పెళ్లికి ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ఒక చెంచా తెచ్చుకుంది. బోధన్ దగ్గర మిషన్ హాస్టల్లో పెరిగిన పిల్ల. తల్లిదండ్రులెవరో తెలియదు. చర్చి పెద్దలు కుదిర్చిన పెళ్లి మాది. కాపురానికి వచ్చిన వారానికి ఆ చెంచా నా చేతిలో పెట్టి, “ఇది వెండిదేనా? జర చూసి చెప్పుండ్రి” అంది. చూశాను. సింహం లేదు, లంగరు లేదు. నాలుగు చిన్న గడుల్లో నాలుగు అక్షరాలున్నాయి. నికెల్ లోహం మీద వెండి పూత పూశామని వాటికి అర్థం. దూరం నుంచి అసలు ముద్రల్లా కనబడాలని అలా గడుల్లో కొడతారు. “వెండి కాదు, పూత” అని తేల్చేశాను. అక్కడితో ఆగానా, నకిలీ ముద్రల మీద అరగంట పాఠం కూడా చెప్పాను. ఆమె విని, చెంచా తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మళ్లీ దాని మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ముప్ఫయ్యొక్కేళ్ల కాపురం. పిల్లలు లేరు. పోయిన ఎండాకాలం సుగుణ చనిపోయింది. ఆ రోజు పక్కింటావిడ మెల్లగా వచ్చి, “పుట్టింటి చీర ఎవరైనా తెస్తున్నారా? ఆగుదామా?” అని అడిగింది. ఆడమనిషి పోతే చివరి చీర పుట్టింటి నుంచి రావాలి. మా తాతల నాడు మతం మారింది గాని ఈ ఆనవాయితీ మారలేదు. ఎవరూ లేరని చెప్పి, నేనే బజారుకు వెళ్లి ఒక తెల్ల చీర కొనుక్కొచ్చాను. మనిషి పోయిందని కబురు చెప్పడానికి ఆమె వైపు ఒక్క గుమ్మం లేదు. మిగతా బాధలన్నీ ఒక ఎత్తు, నాకు ఇదొక్కటీ ఒక ఎత్తు.

తర్వాత కొన్ని నెలలకు పసుపు డబ్బా అడుగంటింది. బోర్లిస్తే చెంచా పడింది. ఇన్నేళ్లూ అది అందులోనే ఉందన్నమాట. గుడ్డతో తుడిచి చూస్తే, కాడ మీద కాదు, చెంచా గుంట వెనక వైపు, చుక్క చుక్కగా ఒక చేప కనిపించింది. చుక్కల్లో పసుపు దిగి గట్టిపడడం వల్ల బయటపడింది గాని, లేకపోతే కనిపించేది కాదు. నేను ఆ రోజు కాడ మీద ముద్రలే చూశాను. గుంట వెనక్కి తిప్పనేలేదు.

ఆ చేప చూశాక నా బుర్ర ఊరుకోలేదు. ఇది ఎవరో కంసాలి కొట్టిన గుర్తు, ఆ కంసాలి దొరికితే ఆ ఇల్లు దొరుకుతుంది, గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబమేమో, తల్లి బిడ్డకు ఈ చెంచా ఇచ్చి పంపిందేమో అని ఊహలు అల్లుకుంటూ పోయాను. హాస్టల్ పాత చిరునామాకు ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. ఇంకెలా వెతకాలో తెలియక, నాకు తెలిసిన విద్య పట్టుకునే బయలుదేరాను. ఎవరైనా ఉంటే, సుగుణ లేదని వాళ్లకు చెప్పి రావాలి. అంతే నా పని.

నిజామాబాద్: “ఒక్కరేనా?”

లాడ్జిలో కౌంటర్ దగ్గర మనిషి తల ఎత్తకుండానే “ఒక్కరేనా సార్?” అన్నాడు. హోటల్లో టేబుల్ చూపించే మనిషి కూడా అదే అడిగి, గోడకు ఆనించిన చిన్న బల్ల చూపించాడు. ఎదురు కుర్చీ ఉంటే అప్పుడే వేరే వాళ్లు లాక్కెళ్లారు. అడగడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఔనని చెప్పడమే నాకింకా అలవాటు కాలేదు.

వెండి బంగారం దుకాణాల వీధిలో అద్దాల షాపులన్నీ దాటి, సందు చివర నేల మీద కూర్చుని పనిచేసే ఒక ముసలాయన్ని పట్టుకున్నాను. కంసాలిని ఇక్కడ అవుసలి అంటారు. చారి గారట. చెంచా ఇటూ అటూ తిప్పి, కుంకుడు రసంలో ముంచి ఇత్తడి బ్రష్షు అందుకున్నాడు. నేను గభాలున ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“తోమొద్దండీ, పసుపు పోతుంది!”

“పసుపు పోవాలెననే గద సారు అందరు తెస్తరు” అన్నాడాయన, నన్ను కళ్లజోడు మీంచి చూస్తూ.

విషయం చెప్పాను. ఆయన బ్రష్షు పక్కన పెట్టేశాడు. చెంచాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. “గిది అవుసలి దెబ్బ గాదు సారు. మేం ఉలి పెట్టి కొడితె సుక్కలన్ని ఒక్క లోతుల ఉంటయ్. గిది ఇనుప మొల పెట్టి కొట్టిన్రు. ఒకటి లోతు, ఒకటి పైపైన. చేత కానోళ్ల పని. తోక సూడుండ్రి, ఒక దిక్కు నాలుగు సుక్కలు, ఇంకో దిక్కు మూడే.”

నేను భూతద్దంతో ఎన్నోసార్లు చూసిన చేప అది. చుక్క తక్కువన్నది చూడలేదు. నలభై ఏళ్ల చదువూ సందులో నేల మీద కూర్చున్న మనిషి ముందు తేలిపోయింది.

“మరి ఎవరు కొట్టి ఉంటారు?”

“ఇంట్ల గిన్నెలు కలిసిపోవద్దని పేర్లు కొట్టిచ్చుకుంటరు గద, గసొంటిదే. పేరు రాయరానోళ్లు బొమ్మ కొట్టుకుంటరు. గిండ్ల అవుసలిని దేవులాడితె ఏం దొరకది సారు.”

ఆయన చెప్పింది నిజమే. మా బందరులో కూడా ఇత్తడి బిందె మీద మా అమ్మమ్మ పేరు చుక్కలతో ఉండేది. అది చేసినవాడి పేరు కాదు, వాడుకున్నవాళ్ల పేరు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో తెలియదు. ఎంత ఇమ్మంటారంటే ఆయన చేతులూపేశాడు. “తోమనే లేదు, పైసలు దేనికి?”

పసుపు యార్డులో జారిపడ్డ సంగతి

మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక మార్కెట్ యార్డుకు వెళ్లాను. వెళ్లనివాళ్లకు చెబుతున్నాను, పసుపంటే మనకు చిటికెలతో లెక్క. అక్కడ కొమ్ములు మనిషెత్తు కుప్పలు పోసి ఉంటాయి. గాలి కూడా పచ్చగా ఉంటుంది. తుమ్ములు ఆగవు. కుప్పల మధ్య నడుస్తూ కొమ్ముల మీద కాలేసి వెల్లకిలా పడ్డాను.

లేపింది ఒక రైతు అవ్వ. మోర్తాడ్ నుంచి బస్తాలతో వచ్చిందట. నా వీపు దులుపుతూ, “దెబ్బ తాకిందా కొడుకా? ఒక్కనివే వచ్చినవా? ఇంటామె ఏది?” అంది. చనిపోయిందని చెప్పాను. అవ్వ మూట విప్పి జొన్నరొట్టె సగానికి విరిచి, మీద మిరప తొక్కు పెట్టి నా చేతిలో పెట్టింది. మా వైపు ఇలాంటప్పుడు పది మాటలు మాట్లాడతారు, దేవుడున్నాడంటారు. ఈవిడ రొట్టె పెట్టి తన బస్తాల కేసి చూస్తూ కూర్చుంది. తొక్కు కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. అంతా కారమే కాదు.

లాడ్జికి వెళితే కౌంటర్ మనిషి ఈసారి తల ఎత్తాడు. “ఏం సార్, పెండ్లికొడుకును చేసిన్రా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. గదిలోకి వెళ్లి చొక్కా బకెట్లో వేస్తే నీళ్లు పచ్చగా మారాయి. సుగుణ చేతివేళ్లు ఎప్పుడూ ఆ రంగులో ఉండేవి. బకెట్ పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను.

బోధన్: గెస్ట్‌హౌస్ చెంచా

మర్నాడు బోధన్ బస్సెక్కాను. దారిలో అక్కడక్కడ చెరుకు, ఎక్కువగా వరి. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. పొగ గొట్టం, క్వార్టర్లు, పెద్ద పెద్ద చెట్లు అలాగే ఉన్నాయి. ఆ రోజుల్లో చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా వరస కట్టేవని, బెల్లం వాసన ఊరంతా ఉండేదని సుగుణ ఒకసారి చెప్పింది. ఇప్పుడు ఆ వాసన బస్టాండు దగ్గర చెరుకు రసం బండి దగ్గరే వచ్చింది. ఇరవై రూపాయలిస్తే గ్లాసు నిండా పోసి, తాగాక అడక్కుండానే ఇంకో పావు పోశాడు. ఇది మాత్రం హైదరాబాదులో జరగదు.

హాస్టల్ ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపించారు. చివరికి దొరికింది. తలుపుకు తాళం, లోపల ఎవరివో ఎరువు బస్తాలు. కిటికీలోంచి చూస్తే గోడ మీద పిల్లలెత్తులో వరసగా మేకులు మిగిలి ఉన్నాయి, సంచులు తగిలించుకునేవి. అక్కడ పది నిమిషాలు నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియలేదు.

ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీద ఒక పెద్దాయన నన్నే గమనిస్తున్నాడు. “ఎవలు కావాలె సాబ్?” అన్నాడు. పేరు యూసుఫ్. ఒకప్పుడు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంట చేసేవాడట. నేను వచ్చిన పని చెప్పి చెంచా తీసి ఇచ్చాను. ఆయన ముద్రల వైపు చూడనేలేదు. చూపుడువేలు చాచి, కాడ మధ్యలో పట్టేలా చెంచాను దాని మీద పెట్టాడు. అది అటూ ఇటూ ఊగి, త్రాసులా నిలబడింది.

“మాదే! మా గెస్ట్‌హౌస్ చమ్చా. స్టీలుది గిట్ల నిలబడది” అన్నాడు చిన్నపిల్లాడిలా మురిసిపోతూ. “పూత పోతున్నయని, ఒక డబ్బా నిండ చమ్చాలు హాస్టల్ పోరిలకు ఇయ్యమన్నది ఒక ఆఫీసర్ మేమ్‌సాబ్. సైకిల్ మీద కట్టుకపోయి నేనే ఇచ్చొచ్చిన.”

అంటే తల్లి ఇచ్చిన చెంచా కాదు. గోదావరి ఒడ్డున ఇల్లూ లేదు. చేప కనిపించినప్పటి నుంచి నేను కట్టుకున్న ఊరంతా ఆ బెంచీ మీద కూలిపోయింది. చాయ్ చల్లారిపోయింది. హైదరాబాదు బస్సు ఎన్నింటికుందని అడిగాను.

“అరె సాబ్, చమ్చా సంగతి తెలిసె. మరి మనిషి సంగతి అడుగరా?” అన్నాడు యూసుఫ్ భాయ్. “గా హాస్టల్ల పెరిగిన పోరి ఒకామె ఉన్నది. దీనమ్మ. కందకుర్తి తొవ్వల ఉంటది. ఆదివారం చర్చికి వచ్చినప్పుడు నాకు సలాం చెప్పి పోతది. పోయి అడుగుండ్రి.”

కందకుర్తి తొవ్వ

ఆటో అబ్బాయి నేను యాత్రకు వచ్చాననుకుని ముందు కందకుర్తి తీసుకెళ్లి నదుల దగ్గర దింపాడు. దింపాడు కదా అని చూశాను. గోదావరి, మంజీర, హరిద్ర అక్కడ కలుస్తాయి. హరిద్ర అంటే పసుపే. గట్టున జనం కుండల్లో తెచ్చిన అస్థికలు నీళ్లలో కలుపుతున్నారు. ప్రతి కుండ చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. నేను జేబులో చెంచాతో నిలబడ్డాను. మరాఠీ ఆవిడ ఒకామె నన్ను చూసి “ఏక్‌టేచ్ ఆలాత్ కా?” అంది. నాకు మరాఠీ రాదు గాని, ‘ఒక్కరేనా’ అన్న ప్రశ్న ఏ భాషలో అడిగినా అర్థమయ్యేంత అలవాటైపోయింది. తల ఊపాను.

దీనమ్మ ఇల్లు రోడ్డు పక్కనే. వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. నా కంటే ఐదారేళ్లు చిన్నదేమో.

“అమ్మా, నేను హైదరాబాదు నుంచి వచ్చాను. సుగుణ భర్తను” అన్నాను.

ఆమె ఒళ్లోని కంకులు దొర్లిపోయేలా లేచింది. నన్ను చూడలేదు, నన్ను దాటి రోడ్డు మీది ఆటో వైపు చూసింది. “సుగుణ ఏది? ఆటోల ఉన్నదా? దిగుమనుండ్రి!”

సుగుణ లేదన్న మాట చెప్పాలనే నేను ఇన్ని రోజులూ తిరిగింది. ఎలాగో చెప్పాను. ఆమె మెల్లగా కూర్చుంది. “ఎప్పుడు?” అంది.

“పది నెలలైంది.”

“పది నెలలు” అని మళ్లీ అంది. “మొన్న క్రిస్మస్‌కు గూడ ఆమె మంచిగుండాలని ప్రార్థన చేసిన. నాకెవ్వరు చెప్పలే.” కొంగుతో ముఖం కప్పుకుంది. నేనూ కంకుల మధ్యే కూర్చుండిపోయాను. సుగుణ కోసం నేను కాక ఇంకో మనిషి ఏడవడం అదే మొదటిసారి చూశాను.

ఏడుపు ఆగాక ఆమే అడిగింది, “చెంచ ఉన్నదా? చేపది. తోకకు ఒక సుక్క తక్కువ ఉండాలె.”

నేనింకా జేబులోంచి తియ్యనేలేదు. తీసి చేతిలో పెట్టాను. కళ్లు అంతగా కనబడవేమో, బొటనవేలితో తోక తడిమింది.

“మేం పసిపోరిలం, అక్షరాలు రాకపోయేది. చెంచలు వచ్చినప్పుడు కొట్లాడుకుంటున్నమని, వంట చేసే అవ్వ మొల, రోకలిబండ వట్టుకొని ఒక్కొక్కరికి ఒక్క బొమ్మ కొట్టింది. నాది చేప. ఆఖరి సుక్క కొట్టేటప్పుడు నేను చెంచ గుంజుకున్న, చప్పుడుకు భయమై. సుగుణది పిట్ట. ఆమె లగ్గమై పోయే రోజు మార్చుకున్నం. ఆమెకు నేను, నాకు ఆమె. ఇంకెవలున్నరు మాకు? తర్వాత నేను చెరుకు కోతలకు ఊళ్లు తిరుగుడైంది. ఆమె పట్నంల ఏడుందో తెల్వదాయె.”

లోపలికి వెళ్లి తెచ్చింది. అదే చెంచా. గుంట వెనక చుక్కల పిట్ట. అదీ అందంగా ఏమీ లేదు, కోడిలా ఉంది.

అప్పుడు చెప్పేశాను. పెళ్లయిన కొత్తలో అది వెండిదేనా అని ఆమె అడిగితే, పూత అని తేల్చేశానని, అందుకే దాన్ని పసుపు డబ్బాలో దాచిందని, ఆ సంగతి నన్ను తినేస్తోందని.

“పూతేనని మాకెరుకే బావా” అంది దీనమ్మ. అంతవరకూ సారు కూడా అనలేదు, ఒకేసారి బావా అంది. “బూడిద వెట్టి తోమంగ తోమంగ లోపటి రంగు ఎప్పుడో బయటవడ్డది. సుగుణకు తెల్వదా? గా మాట అడిగితెనన్న నువ్వు ‘గిది ఎవలిది’ అని అడుగుతవని సూసింది గావచ్చు.”

ఒక్క మాట అడిగి ఉంటే, ఆ వారం రోజుల్లోనే నాకు దీనమ్మ తెలిసేది. చెంచాను పసుపులో దాచలేదేమో, రోజూ చేతికి తగిలేలా పెట్టుకుందేమో. అది కూడా ఇప్పుడు నా ఊహే.

మధ్యాహ్నం రొట్టె, శనగపిండితో చేసే పిట్ల పెట్టింది. పిట్ల వడ్డించింది సుగుణ చెంచాతోనే. తింటుంటే అడిగింది, “ఏం చీర కట్టిన్రు?”

“తెల్లది. నేనే కొన్నాను.”

“తెలుపు ఆమెకు అస్సలు నచ్చకపోయేది బావా. హాస్టల్ల పదేండ్లు తెల్ల గౌనులే గద. లగ్గమైనంక తెలుపు తొడగనని ఒట్టు వెట్టుకున్నది.”

ముప్ఫయ్యొక్కేళ్లలో సుగుణ తెల్ల చీర కట్టగా నేను చూశానా? ఎంత ఆలోచించినా ఒక్క రోజు గుర్తు రాలేదు. ముద్రలు చదివే మనిషిని నేను. రొట్టె పక్కన పెట్టాను.

దీనమ్మ లేచి పెట్టె తెరిచింది. ఆకుపచ్చ నేత చీర, మడత విప్పనిది, తన కోసం దాచుకున్నది. నా ముందు పెట్టింది. “తల్లిగారింటి చీర. ఆల్సమైంది, ఏం చేస్తం? తీస్కపో. సమాధి మీద కప్పి పాడు చెయ్యకు. చీర లేనామెకు ఇయ్యి, కట్టుకుంటది.”

చేప చెంచా ఆమెకే ఇవ్వబోయాను. తీసుకోలేదు. “మార్చుకున్నం గద” అంది, పిట్ట చెంచా ఒళ్లో పెట్టుకుంటూ.

తిరుగు బస్సు

కండక్టర్ “ఒక్కరేనా?” అన్నాడు. ఒక్కటే టికెట్ తీసుకున్నాను. చీర మూట పక్క సీటులో పెట్టుకున్నాను. ఒక ఊళ్లో ఒకావిడ ఎక్కి, ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. లేరని మూట ఒళ్లోకి తీసుకున్నాను. కాగితం చిరుగులోంచి చీర కనబడి, ఆవిడ వేలితో అంచు పట్టి చూసింది.

“మంచిగున్నది. ఎవలికి?”

“మా ఆవిడకి. తల్లిగారింటివాళ్లు పెట్టారు.”

“ఆకుపచ్చ ఎవలికైనా నప్పుతది” అంది ఆవిడ.

“తెలుపైతే తనకి నచ్చదు” అన్నాను, ఎప్పట్నించో తెలిసినవాడిలా.